ఏటిగట్టు తోటలో మూడో స్థలం

నేను మండల సర్వేయరుగా పనిచేసిన చివరి మండలం కర్నూలు పట్టణానికి ఆనుకునే ఉంటుంది. పదవీ విరమణకు నాలుగేళ్లు ఉందనగా, వేసవి బదిలీల్లో వేంపల్లె నుంచి నన్ను అక్కడికి వేశారు. అంతకుముందు డోన్‌లో తొమ్మిదేళ్లు, వేంపల్లెలో ఐదేళ్లు చేశాను. రెండు చోట్లా నా కొలత మీద అప్పీలుకు వెళ్లినవాళ్లు ఉన్నారు గానీ గెలిచినవాళ్లు లేరు. ఆ మాట నలుగురిలో చెప్పుకోవడం నాకు అలవాటు కూడా. అందుకే ఈ ఉదంతం రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

చేరిన మూడో వారంలో ఒక ఎఫ్-లైన్ దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది. మా స్థలం హద్దులు కొలిచి చూపించండి అని యజమాని పెట్టుకునే అర్జీని మా శాఖలో అలా అంటారు. అర్జీదారు చౌడప్ప. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, తర్వాత చీరల వ్యాపారంలో స్థిరపడిన మనిషి. ఏటిగట్టు తోటలో, అక్కడ మొదట కొన్నవాళ్ల దగ్గర నుంచి స్థలం కొన్నాడు. ఇల్లు మొదలుపెడదామని ఈసీ తీయించాడు. ఒక ఆస్తి మీద ఇంతవరకు ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయో చూపే కాగితం అది. అందులో ఆయన స్థలం లాంటి స్థలమే, అదే వరస, అవే కొలతలు, ఆయనకంటే ఐదేళ్ల ముందే సుగుణమ్మ అనే ఆవిడ పేర రిజిస్టరై కనిపించింది. పాపం, ఆ కాగితం పట్టుకుని నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు.

ఏటిగట్టు తోట గురించి ముందు చెప్పాలి. లక్ష్మన్న అనే రైతు మామిడి, సపోటా తోట అది. ఆయన దాన్ని అనుమతి లేకుండానే పదహారు స్థలాలుగా విడగొట్టి అమ్మాడు. చెట్లు మాత్రం కొట్టలేదు. ఎటు చూసినా బండలూ, తుమ్మలూ కనబడే మా జిల్లాలో చెట్టు నీడనా, ఏటి గాలికీ ఇల్లు కట్టుకోవచ్చంటే జనం ఆగుతారా? చూసినవాడు చూసినట్టే బయానా ఇచ్చాడు. నేను చేరేనాటికి అక్కడ ఆరు ఇళ్లు లేచాయి. వేసవిలో కర్నూలు బజారు నుంచి ఆ తోటలోకి అడుగుపెడితే వేరే జిల్లాకు వచ్చినట్టుండేది.

తోటకు తూర్పున తుంగభద్ర. అక్కడ ఏరు కొద్ది దూరం దక్షిణానికి మళ్లి, మళ్లీ తన దారిన తూర్పుకు పోతుంది. తోటకు ఉత్తరాన ఒక వంక వచ్చి ఏట్లో కలుస్తుంది. ఆ వంకకూ గట్టు ఉంది. లక్ష్మన్న ఏటిగట్టు వెంబడి ఎనిమిది స్థలాలు, వంకగట్టు వెంబడి ఎనిమిది స్థలాలు వేశాడు. రెండు వరసలకూ లోపలి పక్కగా, మూల తిరిగే ముప్పై అడుగుల దారి వదిలాడు. ప్రతి స్థలమూ దారి పక్క నలభై అడుగులు, గట్టు దాకా అరవై అడుగులు. మా వాడుకలో ఐదున్నర సెంట్లు. నేను వచ్చేనాటికి లక్ష్మన్న పోయి రెండేళ్లయింది. ఆయన గీయించిన ప్లాను కాగితం ఎవరి దగ్గరా లేదు. దస్తావేజులే ఆధారం.

నోటీసులు ఇచ్చి, చెప్పిన రోజున చైన్‌మన్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. గొలుసు పట్టి కొలతలో సాయం చేసే ఉద్యోగిని చైన్‌మన్ అంటారు. చౌడప్ప ముందే వచ్చి మామిడి చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. కాసేపటికి సుగుణమ్మ వచ్చింది. ఓర్వకల్లు దగ్గర సర్కారు హాస్టల్లో ముప్పై ఏళ్లు వంటమనిషిగా చేసి రిటైరయిన మనిషి. భర్త లేడు. పిల్లలు ఎవరి సంసారం వాళ్లది. హాస్టల్ పక్క ఒంటిగది అద్దె ఇంట్లో ఉంటూ, రిటైరైనప్పుడు వచ్చినదంతా ఈ స్థలంలో పెట్టింది. ఏటి వరసలో, వంక పక్క నుంచి మూడో స్థలంలో ఆమె పునాది అప్పటికే నడుమెత్తు లేచి ఉంది. పునాది పక్కనే సపోటా చెట్టు. ఈ కొలతతో తనకేం పని ఉందో ఆమెకు అర్థం కాలేదు. నోటీసు వచ్చింది కాబట్టి వచ్చానంది.

నేను దస్తావేజులు తీసుకుని చెక్కుబందీ చూశాను. చెక్కుబందీ అంటే నాలుగు దిక్కుల హద్దులు రాసే భాగం. సుగుణమ్మ దస్తావేజులో ఉత్తరం ఏటిగట్టు, దక్షిణం దారి, తూర్పు పడమరలు ఇతర స్థలాలు, పడమటి కొస నుంచి మూడోది అని ఉంది. చౌడప్ప దస్తావేజులో ఉత్తరం వంకగట్టు అని ఉంది. మిగతాదంతా ఒకటే. దస్తావేజులు రాసే లేఖర్లు వంకను ఏరనీ, వాగును కాలువనీ రాయడం నా సర్వీసులో కొల్లలుగా చూశాను. కాబట్టి ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగలేదు.

ఉత్తరాన గట్టూ, దక్షిణాన దారీ ఉన్న వరస అక్కడ ఒక్కటే ఉంది. వంక వరస. పడమటి కొస నుంచి లెక్కపెట్టి మూడో స్థలంలో గొలుసు పరిచాను. తూర్పు పడమరలు నలభై, ఉత్తర దక్షిణాలు అరవై. అంగుళం తేడా లేదు. హద్దులు సరిపోయాయి, కొలత సరిపోయింది, విస్తీర్ణం సరిపోయింది. ఇంతకంటే సర్వేయరుకు కావలసింది ఏముంటుంది? రెండు దస్తావేజులూ ఆ చోటునే చూపిస్తున్నాయి, ముందు రిజిస్టరైంది సుగుణమ్మది, కాబట్టి ఆ స్థలం ఆమెది. పునాది వేసిన ఏటి పక్క స్థలం ఆమె దస్తావేజులో లేదు. అదే నివేదికలో రాశాను. రాళ్లు పాతించాను. పంచనామా, అంటే అక్కడ జరిగినది రాసిన కాగితం మీద అందరి చేతా సంతకాలు తీసుకున్నాను. చౌడప్ప సంతకం పెట్టనని మొండికేస్తే ఆ సంగతీ రాశాను.

సుగుణమ్మ మాత్రం సంతకం పెట్టి, ఏటి వరస వైపు వేలు చూపింది. "మరి నేను కట్టిండేది?" అంది. అది మీ స్థలం కాదమ్మా, మీది ఇదీ అని చూపించాను.

"లక్ష్మన్న చెయ్యి పట్టుకోని ఆ సపోటా మాను చూపిచ్చినాడే?"

లక్ష్మన్న ఏం చూపించాడో తెలియదు, కాగితం ఇలా చెబుతోంది అన్నాను. కాగితం మాట వచ్చేసరికి ఆమె తన దస్తావేజు మడిచి సంచిలో పెట్టుకుంది. సర్కారు కొలువు చేసిన మనిషి కదా, కాగితం అంటే భయం ఉంటుంది.

నివేదిక పంపాను గానీ నాకు మనసు కుదుటపడలేదు. లక్ష్మన్న పదహారు స్థలాలు వేశాడు. పదహారు దస్తావేజులు రిజిస్టరయ్యాయి. నా కొలత ప్రకారం వంక వరసలో ఒక చోటుకు ఇద్దరు యజమానులు. ఏటి వరసలో ఒక చోటుకు ఎవరూ లేరు. మరి ఆ స్థలం ఎవరిది? ఆఫీసులో కూర్చుని నాలుగైదు సార్లు లెక్కపెట్టాను. వేళ్ల మీద లెక్కపెట్టాను, కాగితం మీద గీసి లెక్కపెట్టాను. ప్రతిసారీ ఒక మనిషి ఎక్కువయ్యేవాడు, ఒక స్థలం మిగిలేది. చివరికి లక్ష్మన్న ఒకటి తనకు ఉంచుకుని, మరొకటి రెండుసార్లు అమ్మి ఉంటాడని తేల్చుకున్నాను. చనిపోయిన మనిషి మీద నింద వేయడం సులభం, జవాబు చెప్పడానికి రాడు కదా.

పది రోజుల తర్వాత పొద్దున్నే చౌడప్ప ఫోను చేశాడు. "సారూ, నా స్థలంలో రాళ్లు దించుతాండారు. తొందరగా రా సామీ."

వెళ్లేసరికి దారికి అడ్డంగా ట్రాక్టరు నిలబడి ఉంది. దాని ముందు చౌడప్ప నేల మీద చతికిలబడి కూర్చున్నాడు. ట్రాక్టరు నిండా పునాది రాళ్లు. ఏటి వరస వైపు చూస్తే సుగుణమ్మ పునాది సగానికి సగం లేదు. తవ్వి తీసిన గాడి మాత్రం ఉంది.

ఏమిటమ్మా ఇది అన్నాను. ఆమె నా మీద కోపంగా కూడా లేదు. "నువ్వే చూపిస్తివి గదా సారూ, ఈడ నాదని. సర్కారోళ్లు నీది కాదన్నాక ఆడ ఎట్ల కట్టేది? ఉండే రాళ్లన్నా తెచ్చుకుందామని పీకిచ్చినా."

చౌడప్ప లేచి నా దగ్గరికి వచ్చాడు. మెత్తని మనిషే, కానీ ఆ పూట ఒళ్లు మరిచిపోయాడు. "ఏమప్పా సర్వేయరూ, దుడ్లు పెట్టి కొన్యా నేను. నాది ఈ యమ్మకు ఇస్తివి. ఈ యమ్మది యవురికి ఇస్తాండావు? ఆ ఏటి పక్కది యవురిది, అది చెప్పు ముందు."

నాకు తెలియదు అన్నాను. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో, కొలిచిన చోట నిలబడి, ఇది ఎవరిదో తెలియదు అని నేను అన్నది అప్పుడొక్కసారే. వాళ్లిద్దరూ అంతకంటే అయోమయంగా నన్నే చూస్తున్నారు. ఇద్దరిలో ఒక్కరూ అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. నా కొలతలోనూ తప్పు లేదు. మరి తప్పు ఎక్కడుంది?

ఏం చేయాలో తోచక సుగుణమ్మ దస్తావేజు అడిగి తీసుకుని, అందరికీ వినబడేలా మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాను. అమ్మకందారు పేరు, కొన్నవారి పేరు, సర్వే నంబరు అయ్యాయి. చెక్కుబందీలోకి వచ్చి "ఉత్తరం: ఏటిగట్టు" అని చదివానో లేదో, సుగుణమ్మ ఆపింది.

"ఏంది సారూ? ఏరు ఉత్తరాన యాడుండాది?"

వంకను అలా రాశారమ్మా అన్నాను.

"వంకను ఏరు అంటారా యవురన్నా? మా సంగములో సంటి పిల్లోళ్లు గూడా అనరు. ఇరవై ఏండ్లుగా ఈస్టరు నాడు తెల్లారగట్ల మా సంగమంతా ఈ గట్టు మిందనే నిలబడుకోని పాటలు పాడతాము. పొద్దు పుట్టేది ఏటి ఆపక్క నుంచి. మా పాస్టరయ్య వంక తట్టు తిరిగి ప్రార్థన చేయంగా నేనెప్పుడూ సూల్లేదు. ఏరు తూరుపు సారూ. నీకు తెలీదా?"

తెలుసు. మ్యాపులో చూశాను, కళ్లతో చూశాను. తెలియనిది ఏమిటంటే, ఆ దస్తావేజు రాసినవాడికి తెలుసా అన్నది. అంతవరకు ఆ ప్రశ్న నా బుర్రలోకి రాలేదు. దస్తావేజును చేతిలో పావు వంతు తిప్పి పట్టుకున్నాను. ఉత్తరం అన్నచోట తూర్పు అనుకుంటే ఏటిగట్టు సరిపోయింది. దక్షిణం అన్నచోట పడమర అనుకుంటే దారి సరిపోయింది. పడమటి కొస నుంచి మూడోది అన్నది ఉత్తరపు కొస నుంచి మూడోది అయింది. అది సపోటా చెట్టున్న స్థలం. కూలీలు పొద్దున్నే రాళ్లు పీకిన స్థలం.

చౌడప్పను ఆయన లింకు దస్తావేజు అడిగాను. ఆయనకు అమ్మినవాళ్లు అంతకుముందు లక్ష్మన్న దగ్గర కొన్నప్పటి పత్రం అది. సంచిలో అడుగున ఉంది. మొదటి కొలతనాడు నేను దాన్ని అడగనే లేదు. అందులో పడమర వంకగట్టు, తూర్పు దారి అని ఉంది. పావు వంతు తిప్పితే అదీ సరిగ్గా వంక వరసలో కూర్చుంది. తర్వాత తెలిసింది, చౌడప్పకు దస్తావేజు రాసిన ఎమ్మిగనూరు లేఖరి స్వయంగా వచ్చి స్థలం చూసి, పాతదాంట్లో తప్పుందని గుర్తించి, ఎవరికీ చెప్పకుండా దిక్కులు సరిగ్గా రాసేశాడు. ఒక్క కాగితం సరి అయింది, మిగతావి వంకరగానే ఉండిపోయాయి. ఇద్దరూ ఒకే చోట పడింది అందుకే.

మర్నాడు లక్ష్మన్న దస్తావేజులన్నీ రాసిన లేఖరిని కర్నూలు పాత ఊళ్లో వెతికి పట్టుకున్నాను. పెద్దవయసు మనిషి, మర్యాదగా టీ తెప్పించాడు. స్థలం చూశారా అంటే లేదన్నాడు. లక్ష్మన్న తెచ్చిన ప్లానులో పైన ఏరు గీసి ఉందట, దిక్కుల గుర్తు లేదట. మరి ఉత్తరం అని ఎలా రాశారు అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "కర్నూలుకు ఏరు ఉత్తరమే గదా సార్. మీదీ ఈ ఊరే అంటిరి?"

నిజమే, నాదీ ఆ ఊరే. చిన్నప్పటి నుంచి ఏటి పక్క అంటే ఉత్తరం పక్క. మా ఇంట్లో ఎవరికైనా దారి చెప్పాలంటే ఏటి పక్కకు పో అనేవాళ్లం గానీ ఉత్తరానికి పో అన్న గుర్తు లేదు. కళ్లు మూసి అడిగితే నేను కూడా ఆ మాటే చెప్పేవాణ్ని. టీ తాగి వచ్చేశాను.

ఇక నివేదిక సంగతి. మండల సర్వేయరు మీద డిప్యూటీ ఇన్‌స్పెక్టరు ఉంటారు. మా పనిని సరిచూసేది ఆయనే. ఆయన నాకు మేలు చేయాలనే చూశారు. "మరికొంత సమాచారం లభించినందున పునఃపరిశీలన జరిపి" అని రాయండి, మీకేం కాదు అన్నారు. అలా రాస్తే నా మొదటి నివేదిక కూడా ఫైల్లో బతికే ఉంటుంది. రేపు ఎవరైనా కోర్టుకు వెళితే రెండు నివేదికలు, రెండు స్థలాలు. సుగుణమ్మ ఇల్లు ఆ రెండింటి మధ్యన వేలాడుతుంది. రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించాను అంటే భయపడ్డాను అని అర్థం. చివరికి "నా మొదటి కొలత తప్పు. లింకు దస్తావేజులు పరిశీలించలేదు. దానిని రద్దు చేయగోరుతున్నాను" అని రాసి సంతకం పెట్టాను. ఛార్జ్ మెమో వచ్చింది. సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఒక ఇంక్రిమెంటు ఆగింది. అప్పీళ్ల మీద నా గొప్పలు అక్కడితో ముగిశాయి.

దస్తావేజులు సరిచేయాలంటే అమ్మకందారు వారసులు, కొన్నవాళ్లు కలిసి సవరణ దస్తావేజు రిజిస్టరు చేయాలి. లక్ష్మన్న కొడుకులు పేచీ లేకుండా వచ్చారు. పేచీ పెట్టింది వంక వరసలో ఇల్లు కట్టుకున్న ఒక రిటైర్డ్ లెక్చరరు. దారి పడి ఉన్నది దక్షిణాన. పాత కాగితంలో మాత్రం దారి తూర్పు. సవరిస్తే తన తూర్పు ముఖం ఇల్లు దక్షిణ ముఖం అయిపోతుందట. ఇప్పుడు మాత్రం ఇల్లు ఎటు చూస్తోంది సార్ అంటే, "ఇల్లు ఎటు చూస్తే ఏమి, కొనేవాడు కాగితం చూస్తాడు" అన్నాడు. ఆ కాగితం ప్రకారం మీ ఇల్లు తోటలో ఎక్కడా లేదు అని మ్యాపు మీద చూపించాక గానీ ఆయన పెన్ను తీయలేదు.

ఇదంతా అయ్యేసరికి వానలు వచ్చాయి. ఏటి వరసలో తవ్విన గాడి నిండా నీళ్లు నిలిచి, సపోటా చెట్టు వేళ్లు బయటపడ్డాయి. పీకి తెచ్చిన రాళ్లలో చాలా పగిలిపోయాయి. సుగుణమ్మ మరో ఏడాది ఆ ఒంటిగదిలోనే ఉంది. అది నా వల్లనే. లేఖరి వల్ల కాదు, లక్ష్మన్న వల్ల కాదు. పాత దస్తావేజు తప్పుగా ఉన్నా ఐదేళ్లకు పైగా ఆమె స్థలం ఆమెకే ఉంది. నేను వెళ్లి గొలుసు పరిచాకే పోయింది.

కొత్త స్కెచ్చు ఇవ్వడానికి నేనే ఆమె దగ్గరికి వెళ్లాను. మామూలుగా చైన్‌మన్‌తో పంపుతాం. తప్పు నాదే అమ్మా అన్నాను. ఆమె కాగితం తీసుకుని కొంగుతో తుడిచి పక్కన పెట్టింది.

"తప్పు యవురిదైతే ఏమిలే సారూ. ఇన్నేండ్లుగా ఆ కాయితం నా పెట్టెలో ఉండాది. దాన్ని నాకు సదివి ఇనిపిచ్చినోడు ఒక్కడు లేడు. రాసినోడు సదవల్లే, రిజిస్టరాఫీసులో సదవల్లే. నువ్వు గూడా ఫస్టు వచ్చినప్పుడు సదవల్లే. యవురన్నా సదివింటే ఆ పొద్దే చెప్తాంటిని గదా, ఏరు తూరుపని."

ఆఫీసుకు వచ్చి పాత ఫైలు తీశాను. ఆమె దస్తావేజు చివర, అన్ని దస్తావేజుల్లోలాగే, చదివి వినిపించగా విని సమ్మతించి వ్రాలు చేసినది అని ఉంది. దాని కిందనే నా మొదటి పంచనామా. చివరి వాక్యం నా చేతి రాతలోనే ఉంది: "హాజరైన వారందరికీ చదివి వినిపించడమైనది." కింద ఆమె సంతకం. ఆ రోజు నేను ఎవరికీ ఏమీ చదవలేదు. ఆ వాక్యం చేతికి అలవాటై రాసినదే. ఇరవై తొమ్మిదేళ్లుగా ప్రతి పంచనామాలోనూ అలాగే రాస్తూ వచ్చాను.

మిగిలిన నాలుగేళ్లూ ఎక్కడికి వెళ్లినా, దస్తావేజును దాని యజమాని ముందు గట్టిగా చదివాకే గొలుసు దించాను. పని ఆలస్యమవుతోందని పైనుంచి రెండుసార్లు మాట పడ్డాను. ఆ నాలుగేళ్లలో పదకొండు చోట్ల, నేను చదువుతుండగా యజమాని మధ్యలో ఆపి, అట్ల కాదు సారూ అన్నాడు. పదకొండు చోట్లా యజమాని చెప్పిందే నిజమైంది. అంతకుముందు ఇరవై తొమ్మిదేళ్లలో నేను కొలిచినవి ఎన్నో, వాటిలో ఎన్ని చోట్ల ఆపాల్సినవాళ్లు ఉన్నారో నాకు తెలియదు. తెలుసుకునే మార్గమూ లేదు.